ఫోన్లో సావధాన్

ఇది ఒక మహాసంగ్రామ గాథ. ఇందులో నిప్పులు కురిసే ఆకాశం ఉంది, దాహంతో అలమటించే జనసందోహం ఉంది, ఒంటరిగా నిలబడ్డ సేనాని ఉన్నాడు, ఒకే ఒక్క మాటతో తలకిందులైన యుద్ధం ఉంది. ఇంత రాశాక నిజం కూడా చెప్పేయడం మంచిది. సేన అంటే మేం నలుగురం. రథాలంటే రెండు చిన్న టెంపోలు. అందులో ఒకదానికి రివర్స్ గేరు పడదు, కాబట్టి వెనక్కి తగ్గే ప్రశ్నే లేదు. యుద్ధమంటే చంద్రపూర్‌లో పెళ్లిళ్లకీ ఆఫీసులకీ చల్లటి నీళ్ల జార్లు చేరవేయడం. సేనాని మాత్రం నిజంగానే ఫౌజీ, అంటే మిలిటరీవాడు. ఆ ఒక్కటీ అబద్ధం కాదు. అయినా ఆయన మాకు నేర్పింది ఫౌజు విద్యేనా అంటే, అక్కడ నాకు ఇప్పటికీ కొంచెం గందరగోళం ఉంది.

పోయిన వారం పొద్దున ఒక జారు భుజానికెత్తుకుని మా ప్లాంటు వెనక గేటు దాటుతున్నాను. ఆగస్టు ముసురు. మూత సరిగ్గా బిగించలేదేమో, చల్లటి నీళ్లు చొక్కా లోపల వెన్ను వెంట దారి చూసుకుంటూ దిగుతున్నాయి. గోడ అవతల బడి ఉంది. పంద్రాగస్టు కోసం పిల్లల్ని వరసల్లో నిలబెట్టి మాస్టారు మైకులో "సావధాన్" అన్నాడు. నా మడమలు వాటంతటవే దగ్గరికొచ్చాయి. వీపు నిటారైంది. ఆ నిటారు వల్ల నీళ్లు ఇంకాస్త వేగంగా దిగాయి. మా దగ్గర జార్లు కడిగే వైశాలి తాయి, అంటే వైశాలి అక్క, చూసి, "ఏమైంది, కరెంటు కొట్టిందా?" అని మరాఠీలో అడిగింది. "సుబేదార్ సాబ్, తాయీ" అన్నాను. ఆమె నవ్వబోయి, ఎందుకో తన కాళ్ల వైపు చూసుకుంది. ఆమె మడమలు కూడా కలిసే ఉన్నాయి.

మీలో ఎవరూ ఆయన్ని చూసి ఉండరు కాబట్టి చెబుతాను. పేరు రాజమల్లు. రాజురా తాలూకాలో, తెలంగాణ సరిహద్దుకు దగ్గరగా ఒక పల్లె. తాతల నాటి నుంచి పత్తి పండించే తెలుగు కుటుంబం. మీసం మొలిచీ మొలవకముందే ఫౌజులో చేరి, నాయబ్ సుబేదారుగా రిటైరై వచ్చాడు. "ఉప" అని చెప్పే ఆ "నాయబ్" ముక్కను ఊరివాళ్లు బస్టాండులోనే దింపేశారు. అప్పటినుంచి అందరికీ సుబేదార్ సాబే. సన్నటి మనిషి, తెల్లబడ్డ మీసం, ఎంత ఎండలోనైనా పై బొత్తాం దాకా పెట్టుకున్న చొక్కా. ఇలాంటి జ్ఞాపకాలు చదివేవాళ్లు ఈపాటికి తల కొంచెం వంచి, పోయినవాళ్ల గురించి చదివే ముఖం ఒకటి పెట్టుకుంటారు. అవసరం లేదు. ఆయన బతికే ఉన్నాడు. బీపీ నాకంటే బాగుంది.

మా ప్లాంటు మా కాకాది, అంటే మా నాన్న తమ్ముడిది. మాది ఇక్కడ స్థిరపడిన తెలుగు వ్యాపారుల ఇల్లు. అందరూ ఏదో ఒకటి అమ్ముతారు. డిగ్రీ అయ్యాక ఏమీ అమ్మకుండా ఇంట్లో కూర్చున్నది నేనొక్కణ్నే. "వీడు ఇంట్ల కూసోని జోకులేస్తుండు. ఆ జోకులేవో ప్లాంటుల ఏసుకోనీ" అని కాకా నన్ను మేనేజర్ని చేశాడు. నా పాలనలో డ్రైవర్లు రావాలనిపించినప్పుడు వచ్చేవాళ్లు, జార్లు చేరాలనిపించినప్పుడు చేరేవి. నేను అందరితో స్నేహంగా ఉండేవాణ్ని. స్నేహం వల్ల నీళ్లు చల్లబడవని కాకాకు ఒక వేసవి మొదట్లో అర్థమైంది. ఎక్కడినుంచో సుబేదార్ సాబ్‌ను తీసుకొచ్చి మా ముందు నిలబెట్టాడు.

"సాబ్ ఫౌజుల పని జేసిండు. ఇగ డిసిప్లిన్ అంటే ఏందో మీకు తెలుస్తది" అన్నాడు కాకా. ఊపిరి తీసుకోకుండా ఇంకోటి కూడా అన్నాడు. "ఈ ఎండాకాలంల పెళ్లి ఆర్డర్ ఒక్కటి ఫెయిలైనా, ఫెయిల్ జేసినోడు సీదా ఇంటికి. ఎవరైనా సరే."

ఎవరైనా సరే అంటూ ఆయన చూసింది మాత్రం శంకర్‌ని. శంకర్ మా డ్రైవర్, కోర్పణా వైపు తెలుగువాడు, రివర్స్ పడని టెంపో అతనిదే. అప్పటికే రెండుసార్లు కాకా చేత తిట్లు తిన్నవాడు. పైగా ఆ మార్చిలోనే పెళ్లి కుదిరింది. పిల్ల తరఫువాళ్లకు "పర్మనెంట్ డ్రైవర్" అని చెప్పాడు. మా కంపెనీలో పర్మనెంటుగా ఉన్నది పెద్ద ట్యాంకుకు పడ్డ చిల్లు ఒక్కటే. కానీ ఆ మాట మీదే మే నెలాఖరుకు ముహూర్తం పెట్టారు. డ్రైవరు ఉద్యోగం పోతే పిల్ల కూడా పోతుందని శంకర్‌కు తెలుసు, మాకందరికీ తెలుసు, కాకాకు కూడా తెలుసు.

మర్నాడు పొద్దున్నే సుబేదార్ సాబ్ మమ్మల్ని యార్డులో వరసగా నిలబెట్టాడు. నేను, శంకర్, రెండో టెంపో నడిపే మరాఠీ డ్రైవర్ ప్రశాంత్, వైశాలి తాయి. "సావధాన్" అన్నాడు. బడిలో పరేడ్ చేసిన ప్రశాంత్ కర్రలా బిగుసుకున్నాడు. వైశాలి తాయి ఆ మాటను పెళ్లిళ్లలో తప్ప వినలేదు. మరాఠీ పెళ్లిలో మంగళాష్టకం చివర పంతులు "శుభమంగళ సావధాన" అంటాడు, అందరూ అక్షతలు చల్లుతారు. ఆమె చెయ్యి అలవాటుగా పైకి లేచి, చల్లడానికేమీ లేక గాలిలో ఆగిపోయింది. శంకర్ పక్కనున్న ఖాళీ జారు బోర్లించి హాయిగా దానిమీద కూర్చున్నాడు.

"ఏంది, కూసున్నవ్?" అన్నాడు సాబ్.

"మీరే అన్నరు గద సాబ్, సావధానంగ ఉండుమని."

"సావధాన్ అంటే నిలబడుడు."

"మా ఇంట్ల కూసునుడు సాబ్. మా అమ్మ రోజు అంటది, సావధానంగ కూసోని తిను బిడ్డా అని."

సాబ్ నా వైపు తిరిగాడు. "మేనేజర్, నువ్వు చెప్పు."

నేను ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, టీవీలో హిందీ. ఆ క్షణంలో నా మోకాళ్లు సగం వంగి ఉన్నాయి. అటు నిలబడనూ లేదు, ఇటు కూర్చోనూ లేదు. మేనేజర్‌ను కదా. నా భంగిమ చూసి ఆయన చాలాసేపు ఆలోచించి, తన ఫౌజు జీవితంలో ఎన్నడూ ఇవ్వాల్సిన అవసరం రాని ఉత్తర్వు ఒకటి ఇచ్చాడు. "ఇగ వినుండ్రి. యార్డుల నేను చెప్పేది హిందీ. బయట మాట్లాడుకునేది తెలుగు. సమజైందా?" శంకర్ చాలా శ్రద్ధగా తలూపాడు. ప్రశాంత్‌కూ తాయికీ ఆ తెలుగు వాక్యం అర్థం కాలేదు గానీ వాళ్లూ ఊపారు.

ఆ తర్వాత ఎండలు ముదిరాయి. చంద్రపూర్ ఎండ గురించి కొత్తగా చెప్పేదేముంది, మే నెలలో ఇక్కడ నీడ కూడా నీడ కోసం వెతుక్కుంటుంది. ఒక మధ్యాహ్నం లోడు దింపి వచ్చి నేను నేరుగా కుళాయి కింద గ్లాసు పెట్టాను. సాబ్ నా మణికట్టు పట్టుకున్నాడు.

"మోసినోళ్లు తాగిండ్రా?"

"తాగుతరు సాబ్."

"వాళ్లు తాగినంక నువ్వు."

"ఇది నీళ్ల ప్లాంటు సాబ్. నేను ఒక్క గ్లాసు తాగితే అయిపోదు."

"అయిపోతదని నేను చెప్పలె."

ఇద్దరు డ్రైవర్లూ తాపీగా, ముఖాలు కడుక్కుని, గుటకలు లెక్కపెట్టుకుంటున్నట్టు తాగుతుంటే నేను పక్కన నిలబడ్డాను. చుట్టూ నీళ్లు, మధ్యలో ఎండిన నాలుకతో మేనేజర్. నిండు ప్లాంటులో దాహంతో పోయినవాడిగా రేపు మరాఠీ పేపర్లో నా ఫొటో వస్తుందనుకున్నాను. వింతేమిటంటే ఆ సాయంత్రం నేను పిలవకుండానే ప్రశాంత్ వచ్చి టెంపో టైరు గాలి తక్కువగా ఉందని చెప్పాడు. అంతకుముందు అలాంటి సంగతులు నాకు టైరు పేలిన తర్వాతే తెలిసేవి. ఈ రెండింటికీ సంబంధం ఉందో, టైరులో గాలి తగ్గడం ఆ రోజే మొదలైందో నేను నిర్ణయించుకోలేకపోయాను.

ఇంకో అలవాటు. పొద్దున బండ్లు కదిలే ముందు సాబ్ ఒక్కొక్కరినీ "చొక్కా జరుపు" అని, భుజం మీద బొటనవేలితో నొక్కి చూసేవాడు. మొదటి రోజే శంకర్ కుడి భుజం దొరికిపోయింది. జార్లు మోసి మోసి తోలు లేచిపోయి ఉంది. ఎవరికీ చెప్పకుండా దాని మీద పసుపు పూసుకుని తిరుగుతున్నాడు. సాబ్ పాత బొంతలోంచి దూది తీసి వైశాలి తాయి చేత భుజానికి కట్టుకునే మెత్తలు కుట్టించాడు. ఆ రోజు శంకర్‌కు బండి నడిపే పనే తప్ప మోసే పని ఇవ్వలేదు. మోసింది నేను. ఇదంతా మహా గొప్ప సైనిక నాయకత్వమని నాకు పూనకం వచ్చినంత పనైంది. నాగపూర్‌లో ఎంబీఏ చదువుతున్న మా పెదనాన్న కొడుకు మహేశన్నకు ఫోన్ చేసి చెబితే, అతను దాన్ని "సైన్యం నుంచి వ్యాపారానికి" అని పేరు పెట్టి కాలేజీలో చెప్పి మార్కులు కూడా తెచ్చుకున్నాడు.

ఆ మార్కులు న్యాయమైనవా అన్న అనుమానం ఊర్జానగర్ గేటు దగ్గర మొదలైంది. అది కరెంటు స్టేషన్ ఉద్యోగుల కాలనీ, అక్కడ మాకు రోజువారీ జార్లు ఉండేవి. గేటు పాసు కోసం టెంపోలో కూర్చుని ఉన్నాం. ఊరికే ఉండలేక అడిగాను. "సాబ్, ఫౌజుల మీ కింద ఎంతమంది జవాన్లుండె?"

"జవాన్లు తక్కువ. ఖచ్చర్లు ఎక్కువ."

ఖచ్చర్ అంటే కంచరగాడిద. ట్రక్కు ఎక్కలేని కొండల మీది పోస్టులకు తిండి, నీళ్లు, కిరోసిన్ మోసేవి అవేనట. సాబ్ ఉద్యోగమంతా వాటితోనే.

"పొద్దున లేవంగనే జీను తీసి వీపు జూడాలె" అన్నాడు. "పుండు వడ్డా గూడ అది పొద్దుగూకే దాక మోస్తది. చెప్పది. నోరు లేదు గద."

"మాకుంది గద సాబ్."

"ఉంది. జోకులకే."

తర్వాత అడిగాను. "మరి నీళ్లు ముందు వాళ్లకు తాపుడు?"

"అదీ ఖచ్చర్‌కే. ముందు నీళ్లు, తర్వాత దాణా, ఆ తర్వాత మనిషి."

"అవి మనుషులకు పనికొస్తయా సాబ్?"

"మనుషులు సులువు" అన్నాడు. "తన్నరు."

ఆ సాయంత్రం ఈ భయంకర రహస్యాన్ని శంకర్‌కు చెప్పాను. నాయకత్వమంటూ మనం నేర్చుకున్నదంతా గాడిదల శాస్త్రమని. శంకర్ ముఖం ఎర్రబడింది. "అంటే మనల్ని గాడిదలనుకుంటుండా?" అన్నాడు. తర్వాత భుజం మీది మెత్తను ఒకసారి సవరించుకున్నాడు. "అనుకుంటే అనుకోనీ అన్నా. ఇన్నేండ్లు మనిషి అనుకున్నోడు ఎవ్వడు నా భుజం జూడలె." ఆ మాట ఎవరి గురించని అడుగుదామనుకుని, జవాబు తెలిసి మానుకున్నాను.

ఇక యుద్ధం. మే మొదట్లో రాజురా రోడ్డు మీది ఒక కల్యాణ మండపంలో మరాఠీ పెళ్లి, మిట్టమధ్యాహ్నం ముహూర్తం. ఆ మండపం మాకు ఆ సీజన్‌కంతా పెద్ద గిరాకీ. సగం జార్లు పొద్దున్నే దింపాం. మిగతా సగం మంచు వేసి శంకర్ టెంపోలో ఉంచాం. అతను ఊర్జానగర్‌లో రోజువారీ జార్లు వేసి, అక్కడే ఫోన్ కోసం ఆగాలి. పిలిచిన వెంటనే రావాలి. ప్రశాంత్ బల్లార్షా వైపు వేరే పెళ్లిలో ఉన్నాడు. మండపంలో సాబ్, నేను. ప్లాన్ చూసి నాకే ముచ్చటేసింది. అంతలో మగపెళ్లివారి ఊరేగింపు దిగింది. పిలిచినవాళ్ల కంటే పిలవనివాళ్లు ఎక్కువ. బ్యాండువాళ్లే ఇంకో పెళ్లికి సరిపోయేటంత మంది. ఎండలో ఎగిరి ఎగిరి వచ్చినవాళ్లు జార్ల మీద పడ్డారు. మంగళాష్టకాలు మొదలయ్యేసరికి జార్ల అడుగున చేప కూడా ఈదలేనన్ని నీళ్లు మిగిలాయి.

సాబ్ ఒక పక్కకు వెళ్లి ఫోన్ తీశాడు. నేను పక్కనే ఉన్నాను, ఆయన మాటలు నా చెవులతో విన్నాను.

"శంకర్, ఎక్కడున్నవ్?"

అటునుంచి ఏదో జవాబు.

"తిన్నవా?"

మళ్లీ ఏదో.

"సావధాన్" అని ఫోన్ పెట్టేశాడు.

ఆర్డర్ ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిదని ఆయన నమ్మకం. సావధాన్ అంటే ఉన్నపళాన లేచి, బండి తీసి, వచ్చేయ్ అని. అదే క్షణాన పంతులు మైకులో "సావధాన" అని రాగం తీశాడు. హాలంతా అక్షతలు చల్లింది. నేను మాత్రం మడమలు కలిపాను. "వస్తుండా సాబ్?" అన్నాను. "వస్తుండు" అన్నాడు.

రాలేదు. పంక్తులు కూర్చున్నాయి, కూరల్లో కారం బాగా కుదిరింది, చివరి జారు కుళాయి తిప్పితే గాలి వచ్చింది. మళ్లీ ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. నేను పక్క పెట్రోల్ బంకులో బోరింగు నీళ్లు బకెట్లతో మోశాను. వాటికి పొగలు ఒక్కటే తక్కువ. పెళ్లికూతురి మేనమామ ఒక గుక్క తాగి, గ్లాసు మా ముందు బోర్లించి, "ఇదేనా మీ మిలిటరీ?" అన్నాడు మరాఠీలో. కాకా ఊరంతా మా ప్లాంటును ఫౌజీ నడుపుతున్నాడని చెప్పుకున్నాడు మరి. సాబ్ చొక్కా పై బొత్తాం సర్దుకుని నా చేతిలోని రెండో బకెట్ తీసుకున్నాడు. జనం కిళ్లీలు నములుతున్నప్పుడు శంకర్ టెంపో వచ్చింది. తల దువ్వుకుని, ముఖం కడుక్కుని, మనిషి కళకళలాడుతున్నాడు. "లేట్ కాలె గద?" అన్నాడు.

ఆ సాయంత్రం యార్డులో కాకా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఇక ఈ సీజన్‌లో మీ జార్లు వద్దని మండపం యజమాని చెప్పేశాడు. కాకా అరవలేదు. అరవని కాకాను నేను అదే మొదటిసారి చూడటం.

"శంకర్, తాళంచెవి ఇక్కడ వెట్టు."

శంకర్ టెంపో తాళంచెవి బల్ల మీద పెట్టాడు. దానికి కట్టిన ఎర్ర దారం కాబోయే అత్తగారు కట్టింది. దాన్ని విప్పుకోవాలా వద్దా అని ఒక్క క్షణం అతని వేళ్లు తడబడ్డాయి. నేను ఆ వేళ్ల మీద ఒక జోకు వేసి గాలి తేలిక చేద్దామనుకున్నాను.

"సాబ్ ఆర్డర్ ఇయ్యంగనే ఎందుకు రాలె?" అన్నాడు కాకా.

"ఏం ఆర్డర్ సేట్?" శంకర్ నిజంగానే అయోమయంగా చూశాడు. "సాబ్ ఫోన్ జేసిండ్రు. ఎక్కడున్నవ్ అంటే ఊర్జానగర్ల అన్న. తిన్నవా అంటే ఇంక లే అన్న. సావధాన్ అన్నరు. మంచిదని సావధానంగ తిన్న. చెరుకురసం బండికాడ ఫోన్ ఛార్జింగుకు వెట్టి, జరసేపు ఒరిగిన."

"సావధాన్ అంటే ఉరికి రమ్మనుడురా."

"యార్డుల అయితే నిలబడుడు సేట్. ఫోన్ల తెలుగు. యార్డుల హిందీ, బయట తెలుగు అని సాబే చెప్పిండ్రు."

కాకా నా వైపు తిరిగి "ఏంది ఇది?" అన్నాడు. నేను బాగా ఆలోచించి "లాజిక్‌ల తప్పు లేదు కాకా" అన్నాను. ఆ తర్వాత ఇప్పటిదాకా ఇంట్లో ఏ విషయంలోనూ నన్ను సలహా అడగలేదు.

సుబేదార్ సాబ్ అప్పటిదాకా గోడవారగా ఉన్నాడు. ముందుకొచ్చి, మడమలు కలిపి నిలబడ్డాడు. "సేట్, తాళంచెవి శంకర్‌కియ్యుండ్రి. ఆర్డర్ నాది. ఇనేటోనికి సమజ్ గాని ఆర్డర్ ఇచ్చినోడే ఫెయిల్ జేసినోడు. ఇంటికి నేను పోత."

"సాబ్, ఇది మిలటరీ గాదు. నీళ్ల ధంధా."

"మీ మాటనే గద సేట్. ఎవరైనా సరే అన్నరు."

"కోపంల అన్న."

"కోపంల ఇచ్చినా ఆర్డర్ ఆర్డరే."

కాకా వ్యాపారి. తన మాట తన మనుషుల ముందే తన మీదికి తిరిగొస్తే ఏం చేయాలో ఆయనకు ఏ దుకాణంలోనూ నేర్పలేదు. బల్ల మీది తాళంచెవి వైపు చూశాడు, శంకర్ వైపు చూశాడు, చివరికి ఆ తాళంచెవిని వేలితో కొంచెం శంకర్ వైపు జరిపాడు. సాబ్ తన టిఫిన్ డబ్బా, తువ్వాలు తీసుకున్నాడు. గేటు దగ్గర వెనక్కి తిరిగి శంకర్‌తో "విశ్రాం" అన్నాడు. పరేడ్‌లో అది కాళ్లు ఎడం చేసి వదులుగా నిలబడమనడం. అది హిందీనా, తెలుగా తెలియక, నిలబడాలో కూర్చోవాలో తోచక శంకర్ నా వైపు చూశాడు. నేను కాకా వైపు చూశాను. కాకా ఫ్యాను వైపు చూశాడు.

నేను ఆ రాత్రంతా ఆయన్ని మహాపురుషుణ్ని చేసేశాను. ఒక డ్రైవరు పెళ్లి కోసం తన ఉద్యోగాన్ని వదులుకున్న సేనాని. మర్నాడు వైశాలి తాయి జారు తోముతూ నా మహాపురుషుణ్ని కూడా తోమేసింది. "ఆయన పోయిన వారమే నాతో అన్నాడు కదా" అంది మరాఠీలో. "పొలం దున్నించాలి, ఈ నెల మధ్య దాకా కూడా ఉండను, సేట్‌కు ఎట్లా చెప్పాలో తెలియట్లేదు అని." అంటే ఆయన శంకర్ కోసం పోయాడా? పోవడానికి శంకర్ సాకుగా దొరికాడా? కన్నీళ్లు వచ్చేదాకా వచ్చి, ఎటు పోవాలో తెలియక ఆగిపోయాయి.

మే నెలాఖరున శంకర్ పెళ్లి, వాళ్ల ఊళ్లోనే, అనుకున్న పిల్లతోనే జరిగింది. సాబ్ వచ్చాడు. అందరూ తిన్నాక చివరి పంక్తిలో కూర్చున్నాడు. నేను పోయి పక్కన కూర్చున్నాను. అడగకుండా ఉండలేకపోయాను.

"సాబ్, ఆరోజు శంకర్ కోసం పోయిండ్రా, పొలం కోసం పోయిండ్రా?"

"పప్పు ఇటియ్యి."

ఇచ్చాను.

"మిరుగం కార్తె దగ్గరికొచ్చింది. దుక్కి అయితెనే గద పత్తి వెట్టేది. ఎట్లైనా పోయేటోన్నే."

"అంటే శంకర్ కోసం కాదు."

"శంకర్ కోసమే."

"రెండు ఎట్లయితయి సాబ్?"

ఆయన ముద్ద కలిపాడు. "ఒక ఖచ్చర్ ఉండె. కొండ దారిల నడుస్తా నడుస్తా ఆగిపోయింది. గుంజిన, కదల్లె. తిట్టిన, కదల్లె. అంతల ముంగట రాళ్లు జారి దారే పోయింది. అది ఆగకపోతే నేను లేను. అందరన్నరు, ఇది ముందే పసిగట్టింది, నీ పానం కాపాడింది అని. కిందికి వచ్చినంక జూస్తే దాని లాడం ఊడింది. కాలు నొచ్చి ఆగింది."

"మరి కాపాడినట్టా, కానట్టా?"

"నాకేం ఎరుక. అడిగితె చెప్పది గద." ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి అప్పుడు అన్నాడు. "బెల్లం అయితే వెట్టిన."

చివరి పంక్తి కాబట్టి బూందీ అయిపోయింది. నేను లేచి వంటవాళ్ల దగ్గరికి పోయి తీపి ఏదైనా ఉందా అని అడిగాను. చాయ్ కోసం తెచ్చిన చక్కెర ఉంది. గుప్పెడు తెచ్చి ఆయన ఆకులో ఒక మూలన పోశాను. ఆయన నా ముఖంలోకి చూశాడు. ఎందుకని అడగలేదు. అన్నంలో కలుపుకోకుండా, వేలితో అద్దుకుంటూ మొత్తం తిన్నాడు. ఆయనకు షుగర్ ఉందని వాళ్లావిడ మర్నాడు ఫోన్ చేసి నన్ను తిట్టినప్పుడు తెలిసింది.

ఈ మధ్య మా ఊరి యువ వ్యాపారులు నెలకోసారి కలుసుకుంటున్నారు. మహేశన్న పుణ్యమా అని, ఫౌజీ నాయకత్వం గురించి నన్ను మాట్లాడమన్నారు. ముందు నీళ్లు మోసేవాళ్లకివ్వండి, పొద్దున్నే భుజాలు చూడండి, ఇచ్చిన మాట అర్థం కాకపోతే ఇచ్చినవాడిదే తప్పు అన్నాను. ఇవన్నీ కంచరగాడిదల నుంచి వచ్చినవని కూడా నిజాయితీగా చెప్పాను. హాల్లో కొందరు పక్కవాళ్ల భుజాలు చూశారు. ఒకతను లేచి, "దీనివల్ల మీ గిరాకీ పెరిగిందా?" అన్నాడు. లేదు, ఆ మండపం మాకు మళ్లీ రానేలేదు అన్నాను. "మరి ఏం లాభమైంది?" శంకర్ ఉన్నాడు అన్నాను. జవాబు చాలదన్నట్టు అతను ఇంకా నిలబడే ఉన్నాడు. నాకు కూడా చాలలేదు. కానీ నా దగ్గర ఉన్నది అంతే.

నాకు ఆయన దగ్గరినుంచి ఏం మిగిలిందంటే పేరు పెట్టి చెప్పలేను. నేను ఇప్పటికీ చివరనే తాగుతాను. అది నాయకత్వమో భయమో తెలియదు. ఎవరికైనా పని చెప్పాక "ఏం సమజైందో ఒకసారి చెప్పు" అంటాను. డ్రైవర్లకు నా ఈ అలవాటంటే విసుగు. ఎవరైనా నాకు మంచి చేస్తే, ఎందుకు చేశారో తవ్వే ముందు చేతికందిన తీపి ఏదైనా పెట్టేస్తాను. తవ్వడం మాత్రం మానలేదు, నా బుద్ధి అంత గొప్పది కాదు. శంకర్‌కు ఇప్పుడు ఒక పాప. నిన్న పొద్దున ఉప్పర్వాహి వైపు నుంచి ఎప్పుడు వస్తావని ఫోన్ చేస్తే, "సావధాన్‌గ వస్తున్న అన్నా" అన్నాడు. పరుగెత్తి వస్తున్నాడో, పడుకుని వస్తున్నాడో తెలియక నేను గేటు దగ్గర నిలబడ్డాను.

అన్నట్టు, మా జార్లు తీసుకునేవాళ్లు వాటిని ఎండ తగిలే చోట ఉంచకండి, లోపల నాచు పడుతుంది.